పదిసార్లు పడిన పిల్ల

మే నెలలో తెల్లబండ ఊరికి ఎవరూ చుట్టపుచూపుగా రారు. రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటుంది. కొళాయి తిప్పితే చాలు, కాచే పని లేకుండా వేన్నీళ్ళు వస్తాయి. అలాంటి ఊరికి ఆ ఏడు మే పదో తారీఖున ఒక ఉత్తర్వు వచ్చింది. ఐదేళ్ళు నిండిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ మంచు మీద జారే ఆటలో తొలిమెట్టు శిక్షణ పొందాలి. పొందినట్టు ధ్రువపత్రం చూపిస్తేనే ఆదర్శ పాఠశాలలో ఒకటో తరగతి సీటు.

దీనికి కారణం లేకపోలేదు. రాజధానిలో ఉండే ఒక పెద్దాయన చలిదేశానికి అధ్యయన యాత్ర మీద వెళ్ళి, పొద్దున్నే హోటలు కిటికీలోంచి చూస్తే, పట్టుమని మూడడుగులు లేని పిల్లలు గడ్డకట్టిన చెరువు మీద జరజరా జారిపోతున్నారట. ఆయన కళ్ళు చెమర్చాయట. "మన పిల్లలెందుకు జారడం లేదు?" అని పక్కవాళ్ళను అడిగాడట. పక్కనున్నది ఆయన కింద పనిచేసేవాళ్ళు కాబట్టి, మన దగ్గర మంచు లేదండీ అని ఒక్కరూ అనలేదు. "శిక్షణా లోపం సార్" అన్నారు. ఆ మాట విమానం ఎక్కి వచ్చి, నాలుగు బల్లలు దాటి, సంతకాలు పెట్టించుకుని, శీతల క్రీడా వికాస పథకంగా తెల్లబండలో దిగింది.

పున్నారావుకు ఈ సంగతి పెళ్ళాం చెబితే తెలిసింది. అతను నాపరాళ్ళ పాలిషు మిల్లులో పనిచేస్తాడు. పెళ్ళాం కోటేశ్వరి కూడా అదే మిల్లులో రాళ్ళు కడిగే పనికి వెళుతుంది. ఇద్దరికీ కలిపి ఒక్కతే కూతురు, కుందన. ఆ పిల్ల ఆదర్శ పాఠశాలలో చదవాలన్నది కోటేశ్వరి పట్టుదల. ఊళ్ళో ఇంకో బడి ఉంది గానీ, అందులో పంతులు జూన్‌లో ఒకసారి కనపడితే మళ్ళీ దసరా సెలవులు ఎప్పుడని అడగడానికే కనపడతాడు.

"ఐసు మీద ఆటంట. మనూళ్ళో ఐసు ఏడుందయ్యా, సోడాబండి కాడ తప్ప?" అంది కోటేశ్వరి.

"ఏందో మరి. పేరు రాయించమన్నారు. పోయి రాయించుకొస్తా."

"సీటు రాకపోతే మాత్రం నేనూరుకోను, చెబుతున్నా. ఇది కూడా మన మాదిరే రాళ్ళు కడగాలా?"

పున్నారావు మర్నాడు మిల్లుకు సెలవు పెట్టి, కుందనను వెంటబెట్టుకుని పథకం ఆఫీసుకు వెళ్ళాడు.

ఆ ఆఫీసు అంతకుముందు చేపల శాఖది. గోడల మీద బొచ్చె, రాగండి, కొర్రమీను చేపల బొమ్మలు ఇంకా అలాగే ఉన్నాయి. అధికారి మార్కండేయులు గారు కూడా చేపల శాఖ నుంచే వచ్చారు. జిల్లా మొత్తం మీద ఇరవై రెండేళ్ళపాటు ఐసుతో మెలిగిన ప్రభుత్వోద్యోగి ఆయన ఒక్కరే కాబట్టి, జిల్లా శీతల క్రీడా వికాసాధికారిగా ఆయన్నే వేశారు. చేపలు పాడవకుండా చూసినవాడు పిల్లలు పాడవకుండా చూడలేడా అని పైవాళ్ళు అనుకుని ఉంటారు.

గుమాస్తా సువార్తమ్మ దరఖాస్తు కాగితం చేతికిచ్చింది. ఆ కాగితం చలిదేశానిదే, తెలుగు చేశారంతే. మొదటి ప్రశ్న: 'మీ ప్రాంతమున ఏటా మంచు కురియు దినములు. (అ) ముప్పై లోపు (ఆ) ముప్పై నుండి తొంభై (ఇ) తొంభైకి పైన.'

"అసలు కురవదుగా అమ్మా?" అన్నాడు పున్నారావు.

"సున్నా గూడా ముప్పై లోపే గదా నాయనా. టిక్కు పెట్టు."

"మరి ఇదేందమ్మా, ఇంటి ముంగిట పేరుకొను మంచును ఎవరు తొలగించెదరు అని ఉంది?"

"నీ పేరు రాయి."

"పేరుకోదు గదమ్మా."

"ఖాళీ వదిలితే నిర్లక్ష్యం కింద వస్తది. తొలగిస్తానని రాస్తే నీ సొమ్మేం పోయింది? పేరుకున్నప్పుడు తొలగిద్దువులే."

పున్నారావు రాశాడు. చివర్లో శీతల దుస్తుల జాబితా ఉంది: ఉన్ని టోపీ, చేతి తొడుగులు, మెడకు శాలువా, దూది దట్టించిన కోటు. ఇవి లేని బిడ్డను శిక్షణా స్థలంలోకి రానివ్వరు. అప్పుడు గోడ గడియారం పదకొండు చూపిస్తోంది, పైన ఫ్యాను వేడిగాలి కొడుతోంది.

మార్కండేయులు గారు కాగితం చూసి, పిల్లను చూసి, తృప్తిగా తల పంకించారు. పున్నారావు చేతులు కట్టుకుని, "అయ్యా, మంచు ఎప్పుడు వస్తదండీ?" అని అడిగాడు.

"మంచు మూడవ దశ" అన్నారాయన. "మొదటి దశ పడుట. రెండవ దశ లేచుట. ఈ రెంటియందు ప్రావీణ్యము లేని బాలలను ఏకాయెకి మంచుపై నిలిపినచో ఏమగును?"

"ఏమవుద్దండీ?"

"పడిపోవుదురు. ఆ ప్రమాదమును నివారించుటకే ముందుగా పడుట నేర్పుచున్నాము. ఇది అంతర్జాతీయ ప్రమాణము."

న్యాయంగా చెప్పాలంటే ఆ మాట అబద్ధం కాదు. చలిదేశాల్లో చిన్నపిల్లలకు మొదటి రోజు మెత్తగా పడటమూ లేవడమూ నేర్పి, భయం పోగొట్టి, రెండో రోజు జారనిస్తారు. ఆ పుస్తకం రాసినవాళ్ళు బుద్ధిమంతులే. పడటం అయ్యాక జారడం ఉంటుందని వాళ్ళు రాసిన రెండో అధ్యాయమే తెల్లబండ దాకా రాలేదు.

శిక్షణకు ఊరవతల పాత మిర్చి కోల్డ్ స్టోరేజీని ఎంచుకున్నారు. జిల్లాలో పేరులో చల్లదనం ఉన్న భవనం అదొక్కటే. చల్లబరిచే యంత్రం చెడిపోయి మూడేళ్ళయింది. గోడల్లో మాత్రం మిరపకాయల ఘాటు అలాగే ఉంది. నేల మీద పాలిషు పట్టిన నాపరాళ్ళు పరిచి, వాటి మీద రోజూ పొద్దున్నే నాలుగు బక్కెట్ల కుంకుడు రసం పోసేవారు. మంచు వచ్చేదాకా అదే మంచు.

మొదటి రోజు ముప్పై ఒక్కమంది పిల్లలు మంకీ క్యాపులు, కోట్లు, చేతులకు సాక్సులు తొడుక్కుని వచ్చారు. లోపలికి అడుగుపెట్టగానే ముప్పై ఒక్క తుమ్ములు. మార్కండేయులు గారు ఆ సాయంత్రమే పైకి నివేదిక పంపారు: 'శిక్షణా స్థలమున బాలలందరికిని తుమ్ములు వచ్చుచున్నందున, ఆశించిన శీతల వాతావరణము సాధింపబడినదని తెలియజేయుటకు సంతసించుచున్నాను.'

నేర్పేది మస్తాన్‌వలి మాస్టారు. ఆయన అసలు కబడ్డీ కోచ్. పథకానికి ఎవరో ఒక కోచ్ కావాలి గనక ఆయన్ను ఇటు మార్చారు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పడకుండా కాలు నిలదొక్కుకోవడం నేర్పిన మనిషికి, పడటం నేర్పమని ఒక లావుపాటి పుస్తకం చేతికిచ్చారు. దాని పేరు పతనముల నమోదు పుస్తకము. ప్రతి పిల్ల పేరుకూ ఒక వరస, వరసకు పది గళ్ళు. ముందుకు మూడు, వెనక్కి మూడు, పక్కకు నాలుగు. పది గళ్ళూ నిండితే తొలిమెట్టు పూర్తయినట్టు.

ముప్పైమంది పిల్లలకు ఎవరూ ఏమీ నేర్పనక్కర్లేకపోయింది. గడప దాటగానే ధబీధబీమని పడ్డారు. ఏడ్చారు, తుమ్మారు, మళ్ళీ పడ్డారు. నేర్పే మాస్టారు కూడా రెండుసార్లు పడ్డారు. ముప్పై ఒకటో పిల్ల మాత్రం ఈ చివర్నుంచి ఆ చివరికి నడుచుకుంటూ పోయి, గోడ ముట్టుకుని, అంతే తీరుబడిగా వెనక్కి వచ్చి, అయిపోయిందా అన్నట్టు నిలబడింది. ఆ పిల్ల కుందన.

అందులో వింతేమీ లేదు. పాలిషు మిల్లులో నేల ఎప్పుడూ తడే. రాయి అరిగిన తెల్లటి బురద నీళ్ళు చీలమండల దాకా పారుతుంటాయి. అమ్మానాన్నా పనిలో ఉంటే ఆ పిల్ల నడక నేర్చింది ఆ నేల మీదే. పున్నారావే నేర్పాడు. "మడమ ఆనించబాకమ్మా. వేళ్ళు ఆనించు. అడుగు చిన్నది వెయ్యి. జారినట్టుంటే మోకాలు వంచు" అని రెండేళ్ళపాటు చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. ఎందుకంటే తొమ్మిదేళ్ళ కిందట రాయి మోస్తూ అతనే అక్కడ జారాడు. ఎడమ మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో ఇప్పటికీ చెంబెడు నీళ్ళు ఎత్తలేడు. ఏమీ లేని తండ్రి కూతురికి ఇవ్వగలిగిన ఆస్తి ఆ నడక ఒక్కటే, ఇచ్చాడు.

"షాబాష్!" అన్నారు మస్తాన్‌వలి మాస్టారు అలవాటు కొద్దీ. అని నాలుక కరుచుకున్నారు. మార్కండేయులు గారు అప్పటికే ఇటు తిరిగారు.

"ఈ బాలిక పడలేదేమి?"

"రేపు పడుద్దిలెండి సార్" అన్నారు మాస్టారు.

రేపు పడలేదు. ఎల్లుండి పడలేదు. కుంకుడు రసం నాలుగు బక్కెట్ల నుంచి తొమ్మిదికి పెంచారు. కొలతలు చూడటానికి వచ్చిన ఇంజనీరు పడ్డాడు, మంచినీళ్ళు తెచ్చిన ఆయా పడింది, కుందన పడలేదు. నాలుగో రోజు మార్కండేయులు గారు స్వయంగా గడప అవతల కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"పడు అమ్మా" అన్నారు లాలనగా.

"ఎందుకు సార్?"

"నేర్చుకొనుటకు."

"నాకొచ్చుగా."

"ఏమి వచ్చు?"

"నడవటం."

కుందన పెద్దాయన్ను నొప్పించడం ఎందుకని కాబోలు, కోటు సర్దుకుని నేల మీద మెల్లగా కూర్చుంది. మాస్టారు గబగబా పెన్ను తీశారు. మార్కండేయులు గారు చెయ్యెత్తి ఆపారు.

"అది కూర్చొనుట. కూర్చొనుట మన శాఖ పరిధిలోనికి రాదు. యోగా విభాగము వారు చూచెదరు."

రెండు వారాలకు ముప్పైమంది పిల్లల వరసలూ నిండిపోయాయి. మొత్తం మూడువందల పతనాలు. కుందన పేరుకు ఎదురుగా పది గళ్ళూ ఖాళీ. పున్నారావు ఇంటికి తాఖీదు వచ్చింది: 'సదరు బాలిక పదునాలుగు దినముల శిక్షణయందు ఒక్క పతనమైనను సాధింపలేకపోయినది. పడనందున లేచుటకు అవకాశము లేక, లేచుటయందును సున్నా పొందినది. తల్లిదండ్రుల శ్రద్ధాలోపమో, శారీరక లోపమో వైద్యునిచే నిర్ధారింపజేయవలెను.'

పున్నారావు పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు నాలుక చూశాడు, కళ్ళ కింద లాగి చూశాడు, మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టాడు.

"దీనికి ఏం బాగాలేదయ్యా?"

"పడటం లేదండీ."

"పడకపోతే మంచిదేగా?"

"మంచిదేనండీ. మంచిదని రాసిస్తే అక్కడ ఒప్పుకోరండి."

డాక్టరు 'నిలకడ అధికముగా ఉన్నది' అని రాసి, బలానికి పది గోళీలు ఇచ్చాడు. బలం వస్తే ఇంకా గట్టిగా నిలబడుతుందని కోటేశ్వరి వాటిని వేయనివ్వలేదు.

సీటుకు గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాం పెరట్లో గోనె సంచులు పరిచి, నీళ్ళు చల్లి, కూతురికి పడటం నేర్పడానికి కూర్చున్నారు. పున్నారావు తనే ముందుకు పడి చూపించాడు. వెనక్కి పడి చూపించాడు. కుందన కిలకిలా నవ్వి, మళ్ళీ పడు నాన్నా అంది.

"ఆటలు గాదే. నువ్వు పడాల. పడితేనే సీటు" అంది కోటేశ్వరి. "ఏమయ్యా, చూస్తా కూర్చుంటే అవుద్దా? ఒక్కసారి తొయ్యి. బయం పోద్ది."

పున్నారావు లేచాడు. పిల్ల వెనకాలకు వెళ్ళి, కళ్ళు మూసుకుని, రెండు భుజాల మీద చేతులు వేసి తోశాడు. కుందన మోకాళ్ళు వంచింది, ఒక చిన్న అడుగు వేసింది, తండ్రి వంకర మణికట్టు పట్టుకుని నిలదొక్కుకుంది. అంతా అతను నేర్పినట్టే చేసింది. తర్వాత తలెత్తి అతని ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది.

"నాన్నా, నువ్వే గదా పడొద్దన్నావు?"

పున్నారావుకు చెడ్డ సిగ్గేసింది. కన్నబిడ్డను తోసిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గోనె సంచులు దులిపి మూలన పడేసి, "ఇంక చాల్లే" అని లోపలికి పోయాడు.

ఈలోగా మార్కండేయులు గారి మూడువందల పతనాలు రాజధానిలో పెద్ద పేరు తెచ్చుకున్నాయి. ఏ జిల్లాలోనూ ఇంతమంది ఇన్నిసార్లు పడలేదు. స్వయంగా చూడటానికి పథకం సంచాలకులు వారు బయల్దేరుతున్నారనీ, ఆ ఒక్క రోజుకు మూడో దశ కూడా ప్రదర్శించాలనీ కబురొచ్చింది. అంటే నిజం మంచు కావాలి. చేపల శాఖలో పాత పరిచయాలు ఉండనే ఉన్నాయి. రేవు పక్క ఐసు ఫ్యాక్టరీ నుంచి రాత్రికి రాత్రి లారీ బయల్దేరి, తెల్లారేసరికి వంద దిమ్మలు దింపింది. వాటికి రంపపు పొట్టు, అక్కడక్కడా చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి. ఎనిమిదింటికల్లా దిమ్మలు పక్కపక్కన పేర్చి నేల తయారుచేశారు. సంచాలకులు వారు తొమ్మిదింటికి రావాలి.

తల్లిదండ్రులందరూ గోడ వారన నిలబడ్డారు. పిల్లలు కోట్లలో చెమటలు కక్కుతూ వరసలో ఉన్నారు. మార్కండేయులు గారు కుందనను చూడగానే ముఖం చిట్లించారు.

"ఈ బాలిక కనిపించరాదు. వెనుకకు పంపుడు."

"సార్, మరి పూలగుత్తి ఎవరిస్తారు?" అన్నారు మస్తాన్‌వలి మాస్టారు. "సంచాలకులు వారు ఆ చివర వేదిక మీద ఉంటారు. పిల్ల ఈ చివర్నుంచి ఐసు మీదగా పోయి ఇవ్వాలని మీరే కార్యక్రమంలో రాశారు. మిగతా ముప్పైమందీ మన శిక్షణలో ఆరితేరినవాళ్ళు. గుత్తి ఏమవుద్దో ఆలోచించండి."

మార్కండేయులు గారు ఆలోచించారు. "పూలగుత్తి పడరాదు. ఈ విషయమున మినహాయింపు ఇచ్చుచున్నాను" అన్నారు.

సంచాలకులు వారు పదకొండుంబావుకు వచ్చారు. వారితో ఉప సంచాలకులు ఇద్దరు, సహాయ సంచాలకులు ముగ్గురు, ఇంకొందరు. అప్పటికి దిమ్మల అంచులు కరిగి గుండ్రమయ్యాయి. మధ్యన నీళ్ళు నిలిచాయి. రంపపు పొట్టు తేలుతోంది. సంచాలకులు వారు తోలు అడుగుల బూట్లతో వేదికెక్కి, మిరప ఘాటుకు ఏడుసార్లు తుమ్మి, "నిజంగానే చలి" అని మెచ్చుకున్నారు.

కుందన బయల్దేరింది. రెండు చేతులా పూలగుత్తి, తల మీద మేనమామ మంకీ క్యాపు. వేళ్ళు ముందు ఆనిస్తూ, చిన్న చిన్న అడుగులు వేస్తూ, పల్లం వచ్చిన చోట మోకాళ్ళు వంచి సర్రున జారి, మళ్ళీ నిలదొక్కుకుని వెళుతోంది. హాలంతా ఆ పిల్ల కాళ్ళనే చూస్తోంది. గోడ వారన పున్నారావు ఛాతీ పొంగింది. అతని బతుకులో అతను చేసిన పని పదిమంది నిలబడి చూడటం అదే మొదటిసారి.

సంచాలకులు వారి కళ్ళు చెమర్చాయి. ఈ శాఖలో అది ఆనవాయితీలా ఉంది. ఆయన ఆనందం పట్టలేక, పిల్లను దీవించడానికి చేతులు చాచి వేదిక దిగి మంచు మీద మడమ ఆనించారు.

ఆయన పడ్డారు. లేపడానికి ఉప సంచాలకులు ఇద్దరూ పరిగెత్తి చెరోపక్కా పడ్డారు. వాళ్ళను లేపడానికి సహాయ సంచాలకులు ముగ్గురూ వరసగా పడ్డారు. మార్కండేయులు గారు "అయ్యో అయ్యో" అంటూ అందరికన్నా దూరం జారి, సంచాలకుల వారి పాదాల దగ్గర ఆగారు. ఆఫీసు సూపరింటెండెంటు ఎవరూ పిలవకుండానే వచ్చి పడ్డాడు. ఫొటో తీసేవాడు కెమెరా పైకెత్తి పట్టుకుని పడ్డాడు. పదో మనిషి ఆదర్శ పాఠశాల హెడ్మాస్టరు. ఆయన అసలు జారలేదు. పై అధికారులు అందరూ నేల మీద ఉండగా తను ఒక్కడూ నిలబడి ఉండటం మర్యాద కాదని, కండువా పరుచుకుని తనంతట తనే పడుకున్నాడు. చప్పుడు మాత్రం బాగానే వచ్చింది.

వాళ్ళు ఒకరినొకరు పట్టుకుని లేవబోతారు, అందరూ కలిసి మళ్ళీ కూలబడతారు. లేచుట రెండో దశ కదా, దాన్ని వాళ్ళలో ఇంకా ఎవరూ మొదలుపెట్టలేదు. వాళ్ళందరి మధ్యా కుందన ఒక్కతే పూలగుత్తి పట్టుకుని నిలబడి ఉంది. పాపం అనిపించి వంగి, సంచాలకులు వారితో, "మడమ ఆనించబాకండి సార్. వేళ్ళు ఆనించండి" అని చెప్పింది. ఆయన వినే స్థితిలో లేరు. చివరికి గోనె సంచులు వేసి పదిమందినీ ఒడ్డుకు లాగారు.

మస్తాన్‌వలి మాస్టారు నిజాయితీ గల మనిషి. ప్రదర్శన రోజున శిక్షణా స్థలంలో జరిగిన ప్రతి పతనమూ ఆ క్షణమే నమోదు కావాలని నిబంధన. ఆయన పుస్తకం చివరి పుటలో పది గీతలు గీసి, కింద పది అని వేసి, తేదీ, వేళ రాసి, సంతకం పెట్టేశారు.

పక్క గదిలో తడి బట్టలతో సంచాలకులు వారు కూర్చున్నారు. పున్నారావునూ కోటేశ్వరినీ పిల్లతో సహా గుమ్మం దగ్గర నిలబెట్టారు, ఎందుకో ఇంకా చెప్పలేదు.

"నేను పడ్డానా?" అని అడిగారు సంచాలకులు వారు.

"లేదు మహాశయా" అన్నారు మార్కండేయులు గారు నడుం పట్టుకుని. "మంచు నాణ్యతను మిక్కిలి దగ్గరగా పరిశీలించినారు. మేము సహకరించినాము."

"మరి పుస్తకంలో పది పతనాలున్నాయే?"

"కొట్టివేతలు నిషిద్ధము. పుటలకు సంఖ్యలున్నవి. పది పతనములు జరిగినవి గనుక ఎవరో ఒకరు పడియుండవలెను."

"పిల్లల పేరున వేయండి."

"ముప్పైమంది పిల్లల గళ్ళును నిండిపోయినవి మహాశయా. పదకొండవ పతనమునకు తావు లేదు." ఆయన ఆగి, పుస్తకం తిప్పి, ఒక వరస దగ్గర వేలు పెట్టారు. ఆయన ముఖం వెలిగింది. "ఒక్క వరుస మాత్రము ఖాళీగా ఉన్నది. అందు సరిగ్గా పది గళ్ళు."

గదిలో అందరూ ఒకేసారి తలలూపారు. అంత చక్కగా లెక్క కుదరడం సర్కారు పనుల్లో అరుదు.

కాగితం రెండు నిమిషాల్లో తయారైంది. 'నా కుమార్తె ఈ దినము నా సమక్షమున పదిసార్లు పడినదని ధ్రువీకరించుచున్నాను.' దాని పక్కనే ఆదర్శ పాఠశాల సీటు కాగితం పెట్టారు. హెడ్మాస్టరు తడి కండువా పిండుకుంటూ దాని మీద ముద్ర కొట్టారు.

"లేచుటయందు మాత్రము సున్నా వేయుచున్నాము" అన్నారు మార్కండేయులు గారు. "పడినవారు ఎవరును స్వయముగా లేవలేదు గదా. అయినను సానుభూతితో ఉత్తీర్ణత ఇచ్చుచున్నాము. సంతకము చేయుము."

కోటేశ్వరి మోచేత్తో పొడిచింది. "పెట్టయ్యా. కాగితమే గదా. మన పిల్లకు దెబ్బేమన్నా తగిలిందా?"

పున్నారావు పెన్ను తీసుకున్నాడు. కుందన అతని చొక్కా పట్టుకుని లాగింది.

"నాన్నా, నేను పడలా."

"తెలుసులేమ్మా."

"వాళ్ళు పడ్డారు. నేను పూలిచ్చా. నువ్వు చూశావుగా?"

పున్నారావు చూశాడు. అంత బాగా అతను ఇంతవరకూ దేన్నీ చూడలేదు. పక్కన మస్తాన్‌వలి మాస్టారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. సీటు కాగితం మీద ముద్ర ఇంకా ఆరలేదు. మిల్లు నేల గుర్తొచ్చింది, రాళ్ళు కడిగి కడిగి తెల్లగా పాలిపోయిన కోటేశ్వరి చేతులు కనిపించాయి. అతను వంగి సంతకం పెట్టాడు. పెట్టాక కూతురి వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

సంచాలకులు వారు కుందన తల నిమిరి, "ఒక్క రోజులో పదిసార్లు! రాష్ట్రంలో ఇదే ఎక్కువ. ఏమీ అధైర్యపడకు" అన్నారు. కుందన తల పక్కకు జరుపుకుంది.

బయటికి వచ్చారు. కరిగిన మంచు గడప దాటి, ఏటవాలు చప్టా మీదుగా వీధిలోకి పారుతోంది. కుందన రోజూ తండ్రి చెయ్యి పట్టుకుని నడుస్తుంది. ఆ రోజు పట్టుకోలేదు. ముందు తనొక్కతే, వేళ్ళు ఆనిస్తూ, చిన్న చిన్న అడుగులు వేస్తూ చప్టా దిగిపోయింది. పున్నారావు సీటు కాగితం తడవకుండా పైకెత్తి పట్టుకుని, మెల్లగా ఆగమ్మా అంటూ, కాళ్ళ వైపు చూసుకోకుండా అడుగేశాడు.

వెల్లకిలా పడ్డాడు. కోటేశ్వరి కెవ్వున అరిచింది. కాగితం మాత్రం తడవలేదు.

కుందన వెనక్కి తిరిగి చూసింది. పరిగెత్తలేదు, జాగ్రత్తగా చప్టా ఎక్కి వచ్చి, తండ్రి తల దగ్గర నిలబడింది. నవ్వలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది:

"ఇది ఎవరి పేరున రాస్తారు నాన్నా?"